దిగే దారి చూసి సైకిల్ కొనండి

తెనాలి చుట్టుపక్కల ఎవరైనా గేర్లు లేని సైకిల్ కొని కొండెక్కుతానంటే ముందు వచ్చే ప్రశ్న, "ఇక్కడ కొండలెక్కడున్నాయి?" అని. న్యాయమైన ప్రశ్నే. తెనాలి సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్నుంచి రేపల్లె వైపు తొక్కినా, బాపట్ల వైపు తొక్కినా నేల ఇంకా కిందికే వాలుతుంది. ఆ వాలు కాలువలో నీళ్లకు తెలుస్తుంది గానీ మన పిక్కలకు తెలియదు.

అయినా ఈ అధ్యాయం అలాంటి వారి కోసమే. తక్కువ డబ్బులో ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ సమకూర్చుకుని, వారమంతా డెల్టా రోడ్ల మీద తొక్కి, సెలవు రోజున మంగళగిరి, కొండవీడు, కోటప్పకొండ లాంటి చోట ఎత్తు ఎక్కాలనుకునేవారికి. ఇందులో నేను చెప్పదలచిన సూత్రం ఒకటే. ఉన్నది ఒక్క గేరయినప్పుడు, అది ఎంత ఉండాలో దిగే దారిని అడిగి తేల్చుకోవాలి. ఎక్కేటప్పుడు కాలు చాలకపోతే దిగి నడవచ్చు. దిగేటప్పుడు కాలు చాలకపోతే పడిపోతాం.

మీరు ఇదివరకే తొక్కిన బండి

ఫిక్స్‌డ్ గేర్ కొత్త వింతేమీ కాదు. చిన్నప్పుడు ఇంటి వసారాలో తొక్కిన మూడు చక్రాల సైకిల్ అదే జాతి. దాని పెడళ్లు ముందు చక్రానికే ఉంటాయి. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది, పెడలు ఆపితే చక్రం ఆగుతుంది, వెనక్కి తొక్కితే బండి వెనక్కి పోతుంది.

తర్వాత మనం ఎక్కిన హీరో, అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లకూ గేరు ఒక్కటే. కానీ వాటి వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంది. తొక్కడం మానేసి కూర్చుంటే టిక్కుటిక్కుమంటూ చక్రం తన దారిన తిరుగుతుంది. ఫిక్స్‌డ్‌లో ఆ ఫ్రీవీల్ తీసేసి, పళ్లచక్రాన్ని హబ్బుకు గట్టిగా బిగిస్తారు. బండి కదులుతున్నంతసేపూ కాళ్లు కదలాల్సిందే.

దీనివల్ల మూడు మార్పులు వస్తాయి. మొదటిది, ఎక్కేటప్పుడు పెడలు నిట్టనిలువుగా నిలిచే చోట, కాలికి పట్టు దొరకని ఆ క్షణంలో, చక్రపు ఊపే పెడలును ముందుకు దాటిస్తుంది. రెండోది, కాళ్లతో వెనక్కి అదిమి వేగం తగ్గించవచ్చు. మూడోది, దిగేటప్పుడు విశ్రాంతి ఉండదు. బండి ఎంత వేగంగా జారితే కాళ్లు అంత వేగంగా తిరుగుతాయి. మొదటి రెండూ విని మురిసిపోయి కొనేవాళ్లు మూడోదాన్ని ఘాట్ రోడ్డు మీద తెలుసుకుంటారు. మనం ఇంటి దగ్గరే, కాగితం మీద తెలుసుకుందాం.

పది నిమిషాల లెక్క

పెడళ్ల దగ్గర ఉండే పెద్ద పళ్లచక్రాన్ని చైన్ వీల్ అంటారు. దానికి 44 పళ్లున్నాయనుకుందాం. వెనక పళ్లచక్రానికి 18. నలభై నాలుగును పద్దెనిమిదితో భాగిస్తే 2.44 వస్తుంది. అంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. సన్న టైరున్న మామూలు రోడ్డు సైకిల్ చక్రం చుట్టుకొలత సుమారు 2.13 మీటర్లు. రెంటినీ గుణిస్తే 5.2 మీటర్లు. ఒక్క తొక్కుడు చుట్టుకు మీ బండి నడిచే దూరం ఇది. వెనక 16 పళ్లు వేస్తే 5.9 మీటర్లు, 20 వేస్తే 4.7 మీటర్లు.

ఇప్పుడు ఈ 5.2 మీటర్ల బండిని మూడు చోట్ల పెట్టి చూద్దాం.

చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి 64 చుట్లు. హాయిగా తొక్కగలిగిన లెక్క.

ఎక్కే చోట, నూరు మీటర్లు ముందుకెళ్లేసరికి ఆరు మీటర్లు పైకి లేచే రోడ్డనుకుందాం. దాన్ని ఆరు శాతం ఎత్తంటారు. మనిషి 65 కిలోలు, బండి 15, మొత్తం 80. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే నిమిషానికి 32 చుట్లే పడతాయి. ప్రతి చుట్టులోనూ పెడలు మీద సగటున 23 కిలోల బలం వేయాలి. కష్టమే, కానీ కుదురుతుంది. అదే పది శాతం ఎత్తయితే 39 కిలోలు కావాలి. 65 కిలోల మనిషి సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా ఒక్కో పెడలు మీదా వేస్తే వచ్చే సగటు బలం దాదాపు అంతే. ఒకటి రెండు వంపుల వరకు లాగుతాడు, తర్వాత మోకాళ్లు అరుస్తాయి.

దిగే చోట, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర పట్టి ఉంచితే నిమిషానికి 80 చుట్లు. ఇదీ పరవాలేదు. 40కి వదిలేస్తే 128 చుట్లు. అలవాటు లేని కాళ్లు అక్కడ పెడలు వదిలేస్తాయి. వదిలిన పెడలు మళ్లీ దొరకదు, పైగా తిరుగుతూ వచ్చి పిక్క మీద కొడుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఎక్కడం తేలిక కావాలని 20 పళ్లు వేసుకుంటే పది శాతం ఎత్తులో 39 కిలోలు 35కి తగ్గుతుంది, బాగానే ఉంది. కానీ దిగేటప్పుడు అదే 40 వేగంలో కాళ్లు 142 చుట్లు తిరగాలి. దిగేటప్పుడు కాళ్లు నెమ్మదిగా తిరగాలని 16 వేస్తే ఎక్కలేం. ఒక్క గేరు ఎటు జరిపినా ఒక వైపు ఖర్చు పెరుగుతుంది. అందుకే పళ్ల గురించి దుకాణంలో నిలబడి తేల్చకూడదు. మీరు వెళ్లదలచిన కొండ దగ్గరికి ముందు బస్సులోనో మోటార్‌సైకిల్ మీదో వెళ్లి, దిగేటప్పుడు ఎక్కడ వంపుందో, ఎక్కడ రోడ్డు చెడిందో, ఎక్కడ ఆగే చోటుందో రాసుకుని రండి. కొనడం ఆ తర్వాత.

డబ్బు ఎక్కడ పెట్టాలి

తక్కువలో అయ్యే దారి పాత సైకిల్‌ను మార్చుకోవడం. మన పాత నల్ల సైకిళ్ల వెనక చక్రం కూర్చునే చోట పొడవైన గాడి ఉంటుంది. చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చైను బిగువు సరిచేసుకోవచ్చు. ఫిక్స్‌డ్‌కు ఇది తప్పనిసరి. గాడి నిలువుగా ఉన్న గేర్ల సైకిల్ ఫ్రేము ఎంత చవకగా వచ్చినా వద్దనండి.

ఫ్రేము చూసేటప్పుడు:

1. హ్యాండిల్ కింది గొట్టానికి రెండు కడ్డీలు అతికే చోట, ముఖ్యంగా అడుగు వైపు, వేలితో తడమండి. పెయింటు ముడతపడినా, సన్న గీత కనిపించినా ఆ బండి ఎప్పుడో గుద్దుకుందని అర్థం.
2. వెనక చక్రం గాడికి ఒక వైపు దారం కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపు గాడికి బిగించండి. సీటు కింది గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. తేడా ఉంటే ఫ్రేము వంగింది.
3. సీటు గొట్టం బయటికి వస్తుందో లేదో లాగి చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. సీటు కదలకపోతే లోపల ఇంకేం కదలదో చెప్పలేం.
4. పెడలు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. లొడలొడలాడితే బేరింగులో, కాటరు పిన్నో పోయింది. ఇది పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తుంది.

చేతిలో ఉన్న డబ్బును పది వంతులు చేస్తే ఫ్రేముకు మూడు వంతులు మించనివ్వకండి. నాలుగు వంతులు చక్రాలకు, రెండు బ్రేకులకు, మిగిలిన ఒకటి పెడలు పట్టీలకు, చైనుకు. హెల్మెట్ డబ్బు ఈ లెక్కలో కలపకుండా ముందే తీసి పక్కన పెట్టండి. రంగు, స్టిక్కర్లు, ముడుచుకున్న హ్యాండిల్ లాంటి ముచ్చట్లకు ఇప్పుడు పైసా వద్దు.

చక్రాలకు అంత ఎందుకంటే, ప్రమాదమంతా వెనక హబ్బులో ఉంది. మామూలు ఫ్రీవీల్ హబ్బు మర మీద ఫిక్స్‌డ్ పళ్లచక్రం ఎక్కుతుంది. అందుకే "ఫ్రీవీల్ తీసేసి ఇది బిగిస్తే సరి" అనే సలహా తేలిగ్గా వస్తుంది. కానీ కాళ్లతో వెనక్కి అదిమినప్పుడు ఆ పళ్లచక్రం మర ఊడి వచ్చేస్తుంది. సరిగ్గా కాళ్ల బ్రేకు కావాల్సిన క్షణంలోనే అది పోతుంది. ఫిక్స్‌డ్ కోసం చేసిన ట్రాక్ హబ్బుకు రెండో మర ఉంటుంది, అదీ ఎదురు తిప్పుడు మర. దాని మీద లాక్‌రింగ్ బిగిస్తే, పళ్లచక్రం ఊడాలని చూసినకొద్దీ రింగు ఇంకా బిగుస్తుంది. ఊళ్లో దుకాణంలో లేకపోతే తెప్పించమనండి, ఆలస్యమైనా ఆగండి.

దొరికితే రెండు వైపులా పనిచేసే హబ్బు కొనండి. ఒక పక్క ఫిక్స్‌డ్ 18, ఇంకో పక్క ఫ్రీవీల్ 20 వేయించండి. చక్రం విప్పి, తిప్పి బిగిస్తే బండి స్వభావమే మారుతుంది. రెండు పళ్ల తేడాకు చక్రం గాడిలో ఆరు మిల్లీమీటర్ల మేర జరుగుతుంది, అంతే. అయితే చక్రం జరిగిన ప్రతిసారీ వెనక బ్రేకు రబ్బరు రిమ్ము మీదే పడుతోందో, టైరును రాస్తోందో చూసుకోవాలి.

బ్రేకులు రెండూ ఉండాలి. "ఫిక్స్‌డ్‌కు బ్రేకెందుకు" అనే మాట చదునైన ట్రాక్ మీద పందెం తొక్కేవాళ్లది. పాత నల్ల సైకిల్ రాడ్ బ్రేకులు కొండకు చాలవు. స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు దాదాపు పట్టదు. ముందు చక్రానికైనా అల్యూమినియం రిమ్ము వేయించి, దాని పక్క గోడలను పట్టే కేబుల్ బ్రేకు పెట్టించండి. రాడ్ బ్రేకుల కోసం చేసిన రిమ్ముకు పక్క గోడలు చదునుగా ఉండవు కాబట్టి బ్రేకు ఒక్కటే మార్చి ఊరుకోవడం కుదరదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. చైను మధ్యలో వేలితో నొక్కితే సెంటీమీటరుకు అటూ ఇటూగా ఆడాలి. మామూలు సైకిల్‌కు చైను పడిపోతే చేతులు నల్లబడతాయి, ఫిక్స్‌డ్‌కు పడిపోతే వెనక చక్రం బిగుసుకుపోవచ్చు. లుంగీ కుచ్చెళ్లు, చున్నీ, వదులు ప్యాంటు అంచు చైనులో పడ్డా బండి ఆగదు, బట్టను లోపలికి లాక్కుంటుంది. స్టాండు వేసి చక్రం తిప్పుతూ గుడ్డతో చైను తుడిచే అలవాటు ఈ బండి దగ్గర మానుకోండి. గుడ్డతో పాటు వేలు పోతుంది.

కొండ లేని చోట కొండ

కొండ దూరంగా ఉందని సాధన ఆగనక్కర్లేదు. మన దగ్గర గాలి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లోపలికి కొడుతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీచిందనుకోండి. గాలి ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి అది రెండు, రెండున్నర శాతం ఎత్తు ఎక్కినంత పని. బాపట్ల నుంచి సూర్యలంక వైపు మధ్యాహ్నప్పూట తొక్కితే కనిపించని కొండ ఒకటి తీరం దాకా ఎక్కినట్టే. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తుంది, కాళ్లు వద్దన్నా వేగంగా తిరుగుతాయి. దిగడానికి కావాల్సిన సాధన అది.

రెండోది వంతెనలు. కాలువల మీది చిన్న వంతెన అయినా, పెనుమూడి దగ్గర కృష్ణ మీది పొడవాటి వంతెన అయినా ఎక్కుడూ దిగుడూ రెండూ ఉంటాయి. బండ్ల రద్దీ లేని తెల్లవారుజామున ఒకే వంతెనను పలుమార్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు మొదటి సగం సీటు మీద, రెండో సగం నిలబడి. దిగేటప్పుడు బ్రేకు నొక్కకుండా కాళ్లతోనే వేగం పట్టి ఉంచే ప్రయత్నం చేయండి, వేళ్లు మాత్రం బ్రేకు మీదే ఉండాలి. మోకాలి చిప్ప వెనక నొప్పి మొదలైతే ఆ రోజుకు చాలు. కండ నొప్పి రెండు రోజుల్లో పోతుంది, కీలు నొప్పి అలా పోదు.

కొండ దగ్గర

మొదటిసారికి చిన్నది ఎంచుకోండి. ఘాట్ రోడ్డు మీదికి సైకిళ్లను ఆ రోజు అనుమతిస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. శివరాత్రికి ప్రభలు కదిలే రోజుల్లో కోటప్పకొండ దారిలో సైకిల్ మాటే తలపెట్టవద్దు.

ఎక్కేటప్పుడు ఊపు పోగొట్టుకోకుండా, ఊపిరి తప్పకుండా తొక్కాలి. కొండ మొదట్లో ఉత్సాహం కొద్దీ గట్టిగా తొక్కినవాళ్లకు మూడో వంపు దగ్గర కాళ్లు మొద్దుబారతాయి. కూర్చుని తొక్కలేని చోట నిలబడండి, నిలబడీ తొక్కలేని చోట దిగండి. నిమిషానికి ముప్పై చుట్ల కన్నా తగ్గితే అదే దిగే గుర్తు. ఈ గీత ఇంటి దగ్గరే గీసుకుని రావాలి, ఎందుకంటే సగం కొండ మీద ఆయాసంలో మనం చేసే నిర్ణయాలు మనవి కావు.

పైన కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, చక్రం తిప్పి ఫ్రీవీల్ పక్క వేసుకోండి. ఇప్పుడు కాళ్లకు సెలవు, పనంతా రెండు బ్రేకులది. ఎడతెగకుండా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కుతుంది కాబట్టి ముందుదీ వెనకదీ మార్చి మార్చి వేస్తూ, వంపుకు ముందే వేగం తగ్గించండి. ఫిక్స్‌డ్‌లోనే దిగదలిస్తే పాదాలకు పట్టీలు బిగించి, వేగం 25 దాటనివ్వకండి. పదునైన వంపులో ఫిక్స్‌డ్ పెడలును పైకి ఎత్తి పట్టుకోలేరు, బండి వంగితే లోపలి పెడలు నేలకు తగులుతుంది. అక్కడ నెమ్మదే దారి.

నడిచినవాడు గెలిచాడు

దిగి నడవడం అవమానమనుకునేవారికి 1910 నాటి టూర్ ద ఫ్రాన్స్ ఒక జవాబు. ఆ ఏడాదే పందెం మొదటిసారి పిరనీస్ పర్వతాల్లోని టూర్మలే కనుమ మీదుగా పోయింది. కనుమ ఎత్తు 2,115 మీటర్లు. తొక్కుతూ తొక్కుతూనే గేరు మార్చే యంత్రాలను ఆ పందెంలో 1937 వరకు ఒప్పుకోలేదు. పోటీదారులు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు సైజుల పళ్లు పెట్టుకుని, కొండ రాగానే దిగి, చక్రం తిప్పి బిగించుకునేవారు. ఆ టూర్మలే మీద గుస్తావ్ గారిగూ ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా పైకి చేరాడు, దానికి బహుమానమూ దక్కింది. ఒక్టావ్ లాపిజ్ కొంత దూరం సైకిల్ నెట్టుకుంటూ నడిచాడు. మొత్తం పందెం ముగిసేసరికి లాపిజ్ మొదటివాడు, గారిగూ మూడోవాడు. గారిగూ తక్కువవాడు కాదు, మరుసటి ఏడాది టూర్ అతనే గెలిచాడు. కానీ 1910లో ఫలితం తేల్చింది ఒక్క కొండ కాదు, దాని తర్వాత మిగిలిన దారంతా.

అంత దూరం పోనక్కర్లేదు. మన ఊళ్లలో రిక్షా తొక్కినవాళ్లు కాలువ వంతెన రాగానే దిగి, బండిని చేత్తో లాగి, అవతల మళ్లీ ఎక్కేవాళ్లు. రోజంతా తొక్కాల్సినవాడికి ఏ బలం ఎక్కడ వాడాలో తెలుసు.

ఈ లెక్క సైకిల్‌కే కాదు

ఒక్క గేరుతో చేసే పనులు జీవితంలో చాలా ఉన్నాయి. ఇల్లు కట్టుకోవడానికి పెద్ద అప్పు తీసుకోవడం, ఉద్యోగం మాని గ్రూప్స్‌కు కూర్చోవడం, ఉన్న పొలమంతా ఒకే పంట వేయడం. వీటిలో మధ్యలో గేరు మార్చే వీలుండదు. మనం సాధారణంగా వేసుకునే ప్రశ్న "ఎక్కగలనా?" అని. వాయిదా కట్టగలనా, ర్యాంకు కొట్టగలనా, దిగుబడి తీయగలనా. రెండో ప్రశ్న వాయిదా పడుతుంది: జీతం ఆగితే, మూడోసారీ ర్యాంకు రాకపోతే, ధర పడిపోతే, ఎంత వేగంతో కిందికి వస్తాను, అప్పుడు నా బ్రేకులేవి? అప్పుకు పక్కన ఆరు నెలల వాయిదాల సొమ్ము, పరీక్షకు ఇన్ని ప్రయత్నాలని ముందే గీసిన గీత, పొలంలో ఒక మడి వేరే పంట. ఇవి భయంతో పెట్టుకునేవి కావు. బ్రేకులు బాగున్నాయని తెలిసినవాడే ధైర్యంగా కొండెక్కుతాడు.

ఈ నెల చేయాల్సినవి

1. మీ ఇంట్లో ఉన్న సైకిల్‌కు ముందు పళ్లు, వెనక పళ్లు లెక్కపెట్టండి. చక్రం చుట్టుకొలత టేపుతో కొలిచి, ఒక్క తొక్కుడు చుట్టుకు ఎన్ని మీటర్లు నడుస్తుందో కాగితం మీద రాయండి.
2. ఆ సైకిల్ మీదే వారం పాటు, ఫ్రీవీల్ ఉన్నా సరే, ఒక్క క్షణం కూడా కాళ్లు ఆపకుండా తొక్కి చూడండి. విసుగు పుడితే ఫిక్స్‌డ్ మీకు కాదు. డబ్బు మిగిలింది.
3. వెళ్లదలచిన కొండ దిగుడు దారిని చూసి వచ్చి, ప్రమాదమున్న వంపులు, ఆగే చోట్లు రాయండి. ఆ తర్వాతే పళ్లు ఎన్నో నిర్ణయించండి.
4. పది వంతుల లెక్క వేసి, హబ్బుకూ బ్రేకులకూ డబ్బు చాలకపోతే కొనడం వచ్చే నెలకు వాయిదా వేయండి.
5. సైకిల్ పక్కన పెట్టి, మీరు ఇప్పుడు ఎక్కుతున్న ఇంకో కొండ పేరు రాయండి. దాని కింద రెండే గడులు గీయండి: "ఎక్కడ దిగి నడుస్తాను", "నా రెండు బ్రేకులు ఏవి". రెండో గడి ఖాళీగా ఉంటే ముందు అది నింపండి, ఆ తర్వాతే పైకి.